మాస్కుతో నిద్ర: మొదటి వారమే అసలు వైద్యం

గురక పెట్టి పడుకున్న మనిషిని చూసి “ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నాడు” అనుకోవడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయే క్షణాలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. పది సెకన్లో, ఇరవయ్యో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో ఊపిరి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మనిషి గట్టిగా గాలి పీల్చి మళ్ళీ నిద్రలోకి జారిపోతాడు. గంటకు ముప్పై నలభై సార్లు ఇలా జరిగినా తెల్లారేసరికి ఏదీ గుర్తుండదు. ఎండిన నోరు, తలనొప్పి, పగలంతా కునికిపాట్లు, మందులకు లొంగని రక్తపోటు మాత్రం మిగులుతాయి. దీన్నే వైద్యులు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు.

2022 ఫిబ్రవరి 15 రాత్రి ముంబైలో సంగీత దర్శకుడు బప్పి లహరి కన్నుమూసినప్పుడు వైద్యులు ఈ జబ్బు పేరు చెప్పారు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో ఆయన్ను తమవాడిగా చేసుకున్న తెలుగువాళ్ళలో చాలామంది ఆ పేరు వినడం అదే మొదటిసారి. జబ్బు కొత్తదీ కాదు, వైద్యం లేనిదీ కాదు. నలభై ఏళ్ళుగా ఉన్న సీప్యాప్ యంత్రం సరైన ఒత్తిడితో గాలిని పంపితే చాలామందిలో మొదటి రాత్రే గురకను, ఊపిరి ఆగడాన్ని అదుపులోకి తెస్తుంది. అయినా కొన్నవాళ్ళలో ఎందరో కొద్ది వారాల్లోనే దాన్ని పెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కిస్తున్నారు. ముఖానికి మాస్కు, ముక్కులోకి గాలి, మంచం పక్కన యంత్రం ఉంటే నిద్ర పట్టదంటున్నారు. వాళ్ళకు నిద్ర ఎందుకు పట్టదు? పట్టేలా చేసేవి ఏవి? ఈ విద్య నేర్పాల్సిన బాధ్యత ఎవరిది? ఇప్పటివరకు జరిగిన పరిశోధనలనూ కోనసీమలో మనం బతికే తీరునూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

జబ్బు ఎంత, యంత్రం ఏమిటి

2019లో ‘లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్’లో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 30–69 ఏళ్ళ వాళ్ళలో 93 కోట్లకు పైగా మందికి ఏదో ఒక స్థాయిలో ఈ జబ్బు ఉంది. వాళ్ళలో 42 కోట్లకు పైగా మందికి వైద్యం తప్పనిసరయ్యే స్థాయిలో ఉంది. మన దేశంలో అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టిన ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు, పనిచేసే వయసువాళ్ళలో సుమారు 10 కోట్ల 40 లక్షల మందికి ఇది ఉందని 2023లో తేల్చారు. నిద్రలో ఊపిరి గంటకు ఎన్నిసార్లు ఆగింది, లేదా సన్నగిల్లింది అన్నదే కొలత. 5 నుంచి 15 దాకా తేలిక, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

సీప్యాప్‌ను కనిపెట్టింది ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్. 1980లో సిడ్నీలోని రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆసుపత్రిలో తొలి రోగి మీద ప్రయోగించి, 1981లో ‘లాన్సెట్’ పత్రికలో ఐదుగురి వివరాలు ప్రకటించారు. అప్పటిదాకా తీవ్రమైన ఆప్నియాకు ఉన్న గట్టి చికిత్స మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టడమే. సలివన్ పద్ధతిలో కోత లేదు. గదిలోని గాలినే కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపితే, ఆ గాలే మెత్తని గొంతు గోడలు ఒకదానికొకటి అతుక్కోకుండా తెరిచి ఉంచుతుంది. ఈ యంత్రం ఆక్సిజన్ ఇవ్వదు, ఊపిరితిత్తుల బదులు ఊపిరీ పీల్చదు. దారి మూసుకోకుండా చూడటమే దాని పని.

ఎన్ని గంటలు పెట్టుకుంటే మేలు

వైద్య సాహిత్యంలో ఎక్కువగా కనిపించే గీటు రాత్రికి నాలుగు గంటలు, పది రాత్రుల్లో ఏడు. ఆ గీటును అందుకునేవాళ్ళు ఎందరు? 1993లో అమెరికాలో యంత్రంలోనే లెక్క నమోదు చేసి చూస్తే సగానికి తక్కువ. అదే అధ్యయనంలో మరో సంగతీ బయటపడింది: రోగులు నోటితో చెప్పిన గంటల కంటే యంత్రం చూపిన గంటలు తక్కువ. 2016లో ఇరవై ఏళ్ళ అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష మరింత నిరాశ కలిగించింది. యంత్రాలు చిన్నవయ్యాయి, చప్పుడు తగ్గింది, మాస్కులు మెత్తబడ్డాయి. వాడనివాళ్ళ వాటా మాత్రం దాదాపు మూడోవంతు దగ్గరే నిలిచిపోయింది. అంటే యంత్రాన్ని మెరుగుపరచినంత మాత్రాన చిక్కు వీడలేదు.

గంటలు ఎందుకు ముఖ్యమో 2016లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన ‘సేవ్’ అధ్యయనం చూపింది. భారత్ సహా ఏడు దేశాల్లో, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,717 మందితో చేసిన పరీక్ష అది. సీప్యాప్ ఇచ్చినవాళ్ళలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పగటి మత్తు, గురక తగ్గి, మనసు, బతుకు మెరుగుపడ్డాయి. దీన్ని చూసి యంత్రం గుండెకు పనికిరాదని కొందరు తేల్చేశారు. కానీ ఆ పరీక్షలో సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే. దాన్నీ, అలాంటి మరో రెండు పరీక్షలనూ కలిపి 2023లో ‘జామా’లో మళ్ళీ లెక్కగట్టినప్పుడు, నాలుగు గంటలు, ఆపైన వాడినవాళ్ళలో గుండె, మెదడు రక్తనాళాల ముప్పులు తక్కువగా కనిపించాయి. క్రమం తప్పక మాస్కు పెట్టుకునేవాడు మందులూ క్రమంగానే మింగుతాడు కాబట్టి మేలంతా యంత్రానిదే అనలేం. ఈ అనుమానం సరైనదే, అది ఇంకా తీరలేదు.

పగటి నిద్రమత్తు విషయంలో మాత్రం అనుమానం తక్కువ. 2007లో టెర్రీ వీవర్ బృందం చూపినట్టు వాడే గంటలు పెరిగేకొద్దీ మేలూ పెరుగుతుంది. కొన్ని లక్షణాలు నాలుగు గంటల వాడకంతో సర్దుకుంటే, రోజువారీ పనుల్లో చురుకు పూర్తిగా తిరిగి రావడానికి ఏడు గంటలకు పైగా కావాలి. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, రాజోలు మీదుగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట కొబ్బరికాయల లోడుతో లారీ నడిపేవాళ్ళకు ఇది ప్రాణాల మీది సంగతి. వైద్యం అందని ఆప్నియా ఉన్న డ్రైవర్లకు ప్రమాదం ముప్పు రెండింతలకు పైగా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

నిద్ర ఎందుకు పట్టదు

కారణాలను మూడు గుంపులుగా చూస్తే వైద్యం తేలికవుతుంది.

మొదటిది భయం. ముఖం మూసుకున్నట్టు ఉంటుంది. గాలి విడవబోతే ఎదురుగాలి తోస్తున్నట్టు ఉంటుంది. నోరు తెరిస్తే ముక్కులోంచి వచ్చిన గాలి నోట్లోంచి బుస్సుమంటుంది. “ఊపిరాడటం లేదు” అని మాస్కు లాగేస్తారు. మెలకువగా ఉన్న గొంతుకు ఆ ఒత్తిడి అవసరం లేదు కాబట్టే అది దాడిలా తోస్తుంది. అదే ఒత్తిడి నిద్రలో ఊపిరి నిలబెడుతుంది. కొవిడ్ రెండో కెరటంలో ఐసీయూ మాస్కులు పెట్టుకున్న అయినవాళ్ళను చూసిన కుటుంబాలకు ఈ భయం ఇంకా ఎక్కువ. వీధిలో “వాళ్ళాయనకి ఆక్సిజన్ పెట్టారంట” అన్న మాట పుడితే మనిషి ఆ యంత్రాన్ని దాచేస్తాడు.

రెండోది ఒంటి ఇబ్బంది. మాస్కు కొలత తప్పి కంటి పక్కనుంచి గాలి కొట్టడం, ముక్కు దిబ్బడ, నోరెండటం, కడుపులో గాలి చేరడం, ముక్కు మొదట్లో పుండు పడటం. వీటిలో చాలావాటికి పది నిమిషాల్లో పరిష్కారం ఉంది, చూసేవాళ్ళుంటే.

మూడోదాన్ని మన దగ్గర దాదాపుగా ఎవరూ గుర్తించరు. ఆప్నియాతో పాటు మామూలు నిద్రలేమి కూడా ఉండటం. మంచం ఎక్కితే నిద్ర రాదేమోనన్న బెంగతో ఎన్నో ఏళ్ళు గడిపినవాళ్ళకు మాస్కు కొత్త బెంగ అవుతుంది. ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఈ జంట జబ్బు తరచుగా ఉంటుంది. వాళ్ళు గురక సంగతి చెప్పుకోరు, నీరసం, నిద్ర పట్టకపోవడం అని మాత్రమే చెబుతారు. దాంతో నిద్రమాత్ర చేతికొస్తుంది, జబ్బు లోపలే ఉండిపోతుంది.

పనిచేసినవి, చేయనివి

మాస్కుతో నిద్ర రాత్రి మంచం మీద మొదలుపెట్టాల్సిన చదువు కాదు. పంటకాలవలో ఈత నేర్చుకునే పిల్లవాడు ముందు రేవులో మోకాలి లోతు నీళ్ళలోనే దిగుతాడు, ఇదీ అంతే. 1993లో ఎడింజర్, రాడ్కీ అనే పరిశోధకులు మాస్కు అంటేనే హడలిపోయే ఒక రోగికి మెట్టుమెట్టుగా భయం పోగొట్టిన తీరును ప్రచురించారు. నేటికీ నిద్ర వైద్యులు చెప్పే వరస అదే. పగలు, కుర్చీలో కూర్చుని, టీవీ చూస్తూ మాస్కును చేత్తో ముఖానికి ఆనించుకోవడం. అది కుదిరాక పట్టీలు బిగించుకోవడం. తర్వాత గొట్టం తగిలించి, తక్కువ ఒత్తిడితో గాలి పెట్టుకుని కూర్చోవడం. ఆపైన మధ్యాహ్నం కునుకు. చివరికి రాత్రి. ఒక మెట్టు మీద గుండె దడ రాకుండా కూర్చోగలిగితేనే పై మెట్టు. దడ వస్తే మాస్కు తీసి, ఊపిరి నెమ్మదించాక వెనక మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. రాత్రి నిద్ర ముంచుకొచ్చాకే మంచం ఎక్కాలి. మధ్యలో మెలకువ వచ్చి మాస్కు తీసేసినా తిరిగి పెట్టుకునే అలవాటు చేసుకోవాలి.

ఈ నేర్పడం ఎంత పనిచేస్తుందో సిడ్నీలో 2007లో తేలింది. వంద మందిలో సగం మందికి యంత్రం మొదలుపెట్టే ముందు గంట చొప్పున రెండు తరగతులు పెట్టారు. జీవిత భాగస్వాములనూ రమ్మన్నారు. నెల తిరిగేసరికి వాళ్ళ వాడకం రాత్రికి ఐదు గంటలు దాటితే, మామూలుగా యంత్రం అందుకున్నవాళ్ళది రెండున్నర గంటలు. నిద్రలేమి కూడా ఉన్నవాళ్ళకు ముందు దానికి మాటల వైద్యం చేసి ఆ తర్వాత యంత్రం ఇస్తే, వాడకం రాత్రికి గంట మేర పెరిగిందని 2019లో మరో ఆస్ట్రేలియా అధ్యయనం చూపింది. అమెరికాలో 2018లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, పాఠాన్ని ఇంటర్నెట్ ద్వారా నేర్పుతూ, యంత్రం లెక్కను దూరం నుంచి గమనించి సందేశాలు పంపితే మూడు నెలల నాటికి సగటు 3.8 గంటల నుంచి 4.8 గంటలకు చేరింది.

ఇక యంత్రంలోని సదుపాయాలు. తక్కువ ఒత్తిడితో మొదలై నెమ్మదిగా పెరిగే ‘ర్యాంప్’, గాలి విడిచేటప్పుడు ఒత్తిడి తగ్గించే ఏర్పాటు, గాలిని తడిపే హ్యుమిడిఫయర్ చాలామందికి హాయినిస్తాయి కానీ వాడే గంటలను గట్టిగా పెంచిన దాఖలా తక్కువ. ర్యాంపు మరీ అడుగున మొదలైతే కొందరికి గాలి చాలనట్టు ఉంటుంది, అప్పుడు మొదలును కొంచెం పెంచాలి. ముక్కు మీది మాస్కుతో నిలదొక్కుకునేవాళ్ళు నోరూ ముక్కూ మూసే పెద్ద మాస్కు వాళ్ళ కంటే ఎక్కువ. అందువల్ల ముక్కు దిబ్బడకు ముందు వైద్యం చేయించుకుని, ముక్కు మాస్కుతోనే మొదలుపెట్టడం మంచిది. నిద్రమాత్రల విషయంలో సాక్ష్యం రెండు వైపులా ఉంది. ఒక రకం మందును మొదటి రెండు వారాలు ఇస్తే మేలు కనిపించింది, ఇంకో రకంతో కనిపించలేదు. సొంతంగా మింగే మాత్ర, రాత్రి కల్లు, మద్యం గొంతును ఇంకా వదులు చేస్తాయి కాబట్టి అవి దారి కావు.

కోనసీమ ఇంట్లో మాస్కు

పుస్తకాల్లోని సలహాలు ఎక్కువగా చలిదేశాల పడకగదుల కోసం రాసినవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాగా ఏర్పడిన కోనసీమలో గోదావరి పాయల నడుమ, సముద్రం ఒడ్డున, గాలిలోనే తేమ ఉంటుంది. ఫ్యాను కింద పడుకునేవాళ్ళకు చాలా నెలలు హ్యుమిడిఫయర్ అక్కర్లేకపోవచ్చు. ఏసీ గదిలో కథ వేరు. వెచ్చని తడిగాలి చల్లబడిన గొట్టంలో నీళ్ళయి, అర్ధరాత్రి ముక్కు మీద బొట్లు పడతాయి. తేమ స్థాయి తగ్గించి, యంత్రాన్ని తల కంటే కింద పెట్టి, గొట్టాన్ని దుప్పటిలోంచి తెచ్చుకుంటే అది సర్దుకుంటుంది. హ్యుమిడిఫయర్‌లో పోయడానికి డిస్టిల్డ్ వాటరే మంచిది. తీర మండలాల బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువ. మరిగించినా లవణాలు పోవు, అడుగున గార కడుతుంది.

కొబ్బరినూనె మన ఒంటికి, తలకు నిత్యం. ఆ జిడ్డు మీద సిలికాన్ అంచు నిలవదు, జారి గాలి కారుతుంది, త్వరగా పాడవుతుంది కూడా. పడుకునే ముందు సబ్బుతో ముఖం కడుక్కుని, ఉదయం మాస్కు అంచును తుడిస్తే సగం లీకులు ఆగుతాయి. గుబురు మీసమున్న మగవాళ్ళకు, ముక్కుపుడక ఉన్న ఆడవాళ్ళకు మాస్కు రకం అందుకు తగ్గట్టు ఎంచాలి. బిగించిన జడ మీద పట్టీలు నిలవవు, జడ వదులుగా వేసుకోవాలి. యంత్రం గదిలో గాలినే పీలుస్తుంది. దోమల కాయిల్ పొగను దాని ఫిల్టరు పూర్తిగా ఆపలేదు, కాబట్టి దోమతెరే మేలు.

కరెంటు పోతే ఊపిరాడక చచ్చిపోతామేమోనన్న భయం అందరిదీ. పెద్ద మాస్కులకు గాలి ఆగగానే తెరుచుకునే కవాటం ఉంటుంది. ముక్కు మాస్కు పెట్టుకున్నవాళ్ళు నోటితో పీల్చుకోగలరు. మాస్కుకు ఉండే చిన్న రంధ్రాలు విడిచిన గాలి పోవడానికి, వాటిని లీకు అనుకుని మూయకూడదు. 1996 నవంబరు 6 తుపాను చూసిన గడ్డ ఇది. 2022 జులై వరదల్లో లంకలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 2025 అక్టోబరులో మొంథా తుపాను కూడా ఈ తీరాన్నే తాకింది. హ్యుమిడిఫయర్ ఆపేస్తే యంత్రం తీసుకునే కరెంటు చాలా తక్కువ, ఇంటి ఇన్వర్టరుతో నడపవచ్చు. ఆ ఇన్వర్టరు తగినదో కాదో కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. అదీ లేని రాత్రుల్లో పక్కకు తిరిగి, తల కొంచెం ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే వెల్లకిలా పడుకున్నప్పటి కంటే ఊపిరి నయంగా ఉంటుంది.

అమెరికాలోని పిల్లలు తమ యంత్రాన్నో, తెలిసినవాళ్ళ యంత్రాన్నో పంపడం మామూలే. దానిలోని ఒత్తిడి మరొకరి గొంతుకు నిర్ణయించింది. పరీక్ష చేయించుకుని మార్పించకుండా వాడకూడదు. లోపలి నురగ చెడి ఊపిరిలోకి పోయే ప్రమాదం ఉందని ఫిలిప్స్ సంస్థ 2021 జూన్‌లో లక్షల యంత్రాలను వెనక్కి పిలిచింది. పాతది చేతికొస్తే అది ఏ మోడలో చూసుకోవాలి.

వీటన్నిటికన్నా పెద్ద అడ్డంకి దూరం. పెద్ద వైద్యానికి అమలాపురం వాళ్ళు యానాం వంతెన దాటి కాకినాడకు, రాజోలు వాళ్ళు చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వైపు, కొత్తపేట వాళ్ళు రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరానికి వెళ్ళడం అలవాటు. మాస్కు కొలత మార్చుకోవడానికి ఒక రోజు పని పోగొట్టుకుని మళ్ళీ ఆ దారి పట్టేవాళ్ళు ఎందరు? యంత్రం ఇంటికొస్తుంది, కుర్రాడొచ్చి బిగించి మీట చూపించి వెళ్తాడు. ఫోనులో లెక్క చూపే యాప్ ఇంగ్లీషులో ఉంటుంది. మూడో రాత్రి మాస్కు లాగేసిన మనిషి ఎవర్ని అడగాలి?

వేరే దారులు

సీప్యాప్ ఒక్కటే వైద్యం కాదు. తేలిక, మధ్యస్థ స్థాయిల్లో దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ళ పరికరం కొందరికి సరిపోతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడే ఊపిరి ఆగేవాళ్ళకు పక్కకు పడుకోవడమే సగం మందు. బరువు తగ్గితే జబ్బు తగ్గుతుంది. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షనును ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్ళకు వాడేందుకు 2024 డిసెంబరులో అమెరికా అనుమతించింది. అయితే బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, ఈ రాత్రి ఆగే ఊపిరికి ఈ రాత్రే సాయం కావాలి. సన్నగా ఉండి దవడ చిన్నదైనవాళ్ళకూ ఈ జబ్బు వస్తుంది. తీవ్రమైన జబ్బుకు నేటికీ మొదటి వైద్యం సీప్యాపే.

తేలిందేమిటి

ఈ సాక్ష్యమంతా ఒకచోటికే చేరుతోంది. ఎవరు నిలబడతారో, ఎవరు మానేస్తారో మొదటి వారంలోనే చాలావరకు తెలిసిపోతుందని 1990ల నుంచి అధ్యయనాలు చెబుతున్నాయి. అదే వారంలో మన రోగి పూర్తిగా ఒంటరి. యంత్రం మానేసినవాణ్ణి “మొండివాడు”, “ఓర్పు లేనివాడు” అని ఇంట్లోవాళ్ళు, ఒక్కోసారి వైద్యులూ అంటారు. అది అన్యాయం. ఎవరూ నేర్పని విద్య రాలేదని మనిషిని తప్పుపట్టలేం.

దీనికి పెద్ద ఆసుపత్రి కట్టక్కర్లేదు. యంత్రం రాసిన వైద్యుడు పగటి అభ్యాసం గురించి పావుగంట చెప్పి, ఇంటావిడనో ఇంటాయననో పక్కన కూర్చోబెట్టుకోవాలి. పదుల వేల రూపాయలు తీసుకునే అమ్మకందారు మొదటి వారంలో రెండుసార్లు తెలుగులో ఫోను చేసి, లెక్క చూసి, అవసరమైతే ఇంటికి వచ్చి మాస్కు మార్చాలి. ఆ సేవ యంత్రం ధరలో భాగమని కొనేవాళ్ళు ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఊళ్ళో బీపీ, షుగరు చూసే సామాజిక ఆరోగ్య అధికారులకు (సీహెచ్‌వోలకు), ఆశా కార్యకర్తలకు గురక, పగటి కునుకు, ఆగే ఊపిరి గురించి అడగడం, మాస్కు సరిగా కూర్చుందో లేదో చూడటం ఒక్క రోజు శిక్షణతో నేర్పవచ్చు. అమలాపురంలో వైద్య కళాశాల ఉంది, కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఉంది. నెలకొకసారి సీప్యాప్ వాడేవాళ్ళను, వాళ్ళ ఇంటివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించడం వాటికి భారం కాదు. ఏడాదిగా మాస్కుతో నిద్రపోతున్న పక్క ఊరి మనిషి చెప్పే మాట కొత్తవాడికి ఏ కరపత్రం కన్నా బాగా ఎక్కుతుంది.

ఇకనుంచి ఈ వైద్యం ఎంత సాగిందో ఎన్ని యంత్రాలు అమ్ముడుపోయాయన్న దాన్ని బట్టి కాక, ఏడో రాత్రి ఎందరు ఎన్ని గంటలు మాస్కుతో నిద్రపోయారన్న దాన్ని బట్టి లెక్కించాలి. ఆ లెక్క యంత్రంలోనే ఉంది. దాన్ని ఏడో రోజు తెరిచి చూసి, రోగికి ఫోను చేసే మనిషిని పెట్టడమే ఇప్పుడు మిగిలిన పని.